గోదాములో ఇంకో నాన్న

శుక్రవారం, సంత రోజు. నెదర్లాండ్స్‌లోని లేవార్డెన్‌లో ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. డౌవె రొట్టెకు వెన్న రాసుకుంటుంటే కూతురు నింకె ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకుంది.

"నాన్నా, నీకు వీలైనప్పుడు ఒక విషయం మాట్లాడాలి. ముందు నీ మాట వింటాను. తర్వాతే నాది చెబుతాను."

డౌవె కత్తి కింద పెట్టాడు. ఈ ఇంట్లో ఎవరూ ఇలా మాట్లాడరు. ఉప్పు కావాలంటే ఉప్పు అంటారు, కోపమొస్తే తలుపు వేస్తారు. ధర చెప్పేముందు ఇంత తేనె పూసేవాడి దగ్గర సరుకు బాగుండదని అతనికి సంతలో తెలిసొచ్చింది.

"ఎవరు నేర్పారే ఈ మాటలు? లాయరా?"

"లాయరెందుకు నాన్నా?"

"అదే నేనూ అడుగుతున్నా."

భార్య హిల్కె కాఫీ పోస్తూ తలెత్తలేదు. ఆ మౌనాన్ని కూడా అతను లెక్కలో వేసుకున్నాడు.

లెక్క కొన్నాళ్ళుగా పెరుగుతూనే ఉంది. సంతలో అమ్మడానికి అతను వాసన చూసి పక్కన పెట్టిన చీజ్ దిమ్మలు వ్యాను దగ్గరికి వచ్చేసరికి కనబడవు. వాటి చోట వేరేవి ఉంటాయి. హోటలు నడిపే ఆవిడ ఇదివరకు అతనికే ఫోను చేసేది, ఇప్పుడు నింకెకు చేస్తోంది. సరుకు జారుతోంది, ఖాతాదారు జారుతోంది, ఇంట్లో వాళ్ళు నోరు మెదపడం లేదు. మూడూ కలిపితే వచ్చే జవాబు ఒక్కటే. కన్నబిడ్డే తనను అంగడిలోంచి దింపేస్తోంది.

సంత ముగిసింది. వ్యాను కడిగి గోదాము వైపు నడిచిన డౌవె తలుపు దగ్గర ఆగిపోయాడు. లోపల నింకె ఎవరితోనో మాట్లాడుతోంది. జవాబు చెబుతున్నది మగగొంతు.

"పుట్టినప్పటి నుంచీ చీజ్ మధ్య బతికినవాణ్ణి. నా ముక్కునే తప్పుపడతావా?" అంటోంది ఆ గొంతు.

మాట తనదే, గొంతు తనది కాదు. డౌవె తలుపు తోశాడు. నింకె ఒంటరిగా బోర్లించిన పెట్టె మీద కూర్చుని ఉంది. చేతిలో ఫోను.

"ఎవడు వాడు?"

"ఎవరూ కాదు నాన్నా. ఫోనులో ఉండే సహాయకుడు, యంత్రం. నీలా మాట్లాడమన్నాను."

"నాలా మాట్లాడటానికి నేను చచ్చానా? నన్నెలా వెళ్ళగొట్టాలో దానితో సాధన చేస్తున్నావా? ఆ దిమ్మలన్నీ ఎవరికి అమ్ముకుంటున్నావ్?"

"అమ్మలేదు. పారేశాను."

నింకె లేచి పొద్దున అతను సరేనన్న లవంగాల చీజ్ దిమ్మను కిందికి దించింది. చీజ్ పరీక్షించే బోలు ఊచను లోపలికి తిప్పి, సన్నటి ముక్క లాగి అతని ముక్కు దగ్గర పెట్టింది.

"చెప్పు నాన్నా."

డౌవె గట్టిగా పీల్చాడు. "బాగానే ఉంది. ఇంకో నెల ఉంచినా పాడవదు."

వెనక ఏదో కదిలితే తిరిగి చూశాడు. కేకలు విని వచ్చిన హిల్కె గుమ్మంలో నిలబడి ఉంది. అంత దూరంలో ఉండి కూడా ఏప్రాన్ అంచుతో ముక్కు మూసుకుంది. అతను చూడటం చూసి గబుక్కున చేయి దించేసింది. అప్పటికే ఆలస్యమైంది.

డౌవె మళ్ళీ వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. చలిగాలి తప్ప ఏమీ లేదు. ఈ చలికాలమంతా వాసన లేదని కాఫీ పొడిని తిట్టుకున్నాడు, సబ్బును తిట్టుకున్నాడు. తప్పు తన ముక్కులోనే ఉండొచ్చని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

"తిన్నగా చెప్పొచ్చుగా," అన్నాడు నెమ్మదిగా.

"చెప్పాను. సరుకు కంపు కొడుతోందని హోటలావిడ నాకు ఫోను చేసిన రోజే చెప్పాను. ఏమన్నావో గుర్తుందా? ముందు నీ జలుబు సంగతి చూసుకో అన్నావు. అందుకే నీతో ఎలా చెప్పాలో దీంతో సాధన మొదలుపెట్టాను. నీ మొండితనమంతా దానికి నేర్పాను."

"ఎవరు గెలుస్తున్నారు?"

"నేనే. నాలుగు మాటలకే అది మెత్తబడిపోతుంది. ఇది మా నాన్న కాదని అక్కడే తెలిసిపోయేది." కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "అది కూడా విసిగిపోయినట్టుంది. నాతో చాలు, వెళ్ళి ఆయనతోనే మాట్లాడండి అంటోంది."

"నాకన్నా దానికే బుద్ధి ఎక్కువ. సరే, చెప్పు. నేను మెత్తబడను."

నింకె నోరు తెరిచింది. ఇన్నాళ్ళూ పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. "నాకు భయమేస్తోంది నాన్నా. మన సరుకు తిని ఎవరైనా పడిపోతే ఊళ్ళో నీ పేరు పోతుంది. పేరు పోయాక నువ్వెలా బతుకుతావు?"

తనను దింపేస్తోందని డౌవె పట్టిన లెక్కలో ఎక్కడ కూడినా వచ్చేది ఈ పిల్ల తనకు కాసిన కాపలాయే. హిల్కె లోపలికి వచ్చి అతని మోచేయి పట్టుకుంది.

"దిమ్మలు ఇకనుంచి నువ్వే చూడు. బేరం నేను చూస్తాను," అన్నాడు. "ఎక్కడైనా ఒక మంచిది ఉందా?"

నింకె అరల వెంట వెతికి, పాతదొకటి ఎంచి, ఊచ దించింది. ముక్క వాసన చూసింది. అతను కళ్ళు మూసుకున్నాడు.

"ఎండుగడ్డి," అంది నింకె. "కొంచెం తడిసింది. తర్వాత లవంగం. అడుగున ఎక్కడో... వెచ్చటి పాలు."

డౌవె చెంపల మీద కన్నీళ్ళు జారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఇంకా?" అన్నాడు.