ఇంటి యూనిఫాం

"ఓ భానూ! జర ఇట్ల రాయే! పిల్ల నుదురు సూడు... బోడిగుంది!"

సక్కుబాయి కేకకు తెల్లాపూర్‌లోని ఆ అపార్ట్‌మెంటులో పై అంతస్తు కుక్క కూడా బదులిచ్చింది! హాల్లో లాప్‌టాప్ ముందు ఆఫీసు మీటింగులో ఉన్న కోడలు భానుశ్రీ "ఒక్క నిమిషం" అని మైకు ఆపి పరుగున వచ్చింది. గుమ్మంలో బ్యాగు మోస్తూ నాలుగో తరగతి కూతురు రసజ్ఞ... రోజూ పెట్టే స్టిక్కరు సాయంత్రానికి రాలిపోతోందని, ఆ పొద్దున నాయనమ్మ స్వయంగా చెరగని ఎర్ర తిలకం దిద్దింది. ఇప్పుడక్కడ తిలకం లేదు. రుద్ది రుద్ది కందిపోయిన చర్మం ఉంది!

"ఎవలు తుడిశిండ్రే?"

రసజ్ఞ కాలి బొటనవేలితో నేల గీకింది. "స్కూల్ల... బొట్టు వద్దంట. రూలంట."

"గాళ్ల రూలు మీద మన్నువొయ్య! అయ్య లేని పిల్లంటే అంత అలుసా? నిండు నూరేండ్లు బతకాల్సిన ఆడివిల్లకు బొట్టు తుడుసుడేందే!"

భానుశ్రీ వంగి, కందిన చోట మెల్లగా ఊదింది. తన పేరులో సూర్యుడున్నాడు గానీ, నుదుట ఆయన అస్తమించి ఏడాది దాటింది. రింగురోడ్డు మీద లారీ రూపంలో వచ్చిన మృత్యువు భర్త మధుకర్‌ని తీసుకుపోయింది. దినాలనాడు తడిచేత్తో ఆమె బొట్టు తుడిచింది వేరెవరో కాదు... ఈ సక్కుబాయే! "మా ఇంటి ఆచారం బిడ్డా, నాకూ గిట్లనే జేసిండ్రు" అంటూ తానూ ఏడ్చింది, కోడల్నీ ఏడిపించింది. కొడుకును పోగొట్టుకున్న తల్లి మాట కాదనే గుండె ఎవరికుంటుంది!

భానుశ్రీ కోడ్ రాసే కోడలు. ఆఫీసులో డ్రెస్ కోడ్ లేదు. ఇంట్లో మాత్రం కోడలికో కోడ్! బొట్టు, గాజులు, పూలు లేకుండా కోకాపేట ఆఫీసులో అడుగుపెట్టిన రోజున, కొత్తగా చేరిన పక్క సీటు స్వాతి, "మేడం, మీ సింపుల్ లుక్ సూపర్!" అని మెచ్చుకుంది పాపం, సంగతి తెలియక. భానుశ్రీ థాంక్స్ చెప్పింది. చెప్పి, బాత్‌రూములోకి వెళ్లి గడియ వేసుకుంది. బొట్టు లేని ముఖం మీద... బొట్టు బొట్టుగా కన్నీరు!

కబురందుకుని మధుకర్ తమ్ముడు రాజేందర్ ఊడిపడ్డాడు. పిల్ల నుదురు ఫోటో తీసి, అన్న పోయాక తాను చేరిన స్కూలు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పడేశాడు. అంతే, యూనిఫాం గొడవతో గ్రూపు మంచి ఫాంలోకొచ్చింది! "క్రమశిక్షణ వద్దా?" అని ఒకరు. "బొట్టు పెడితే లెక్కలు రావా?" అని ఇంకొకరు. "ఇవాళ బొట్టంటారు, రేపు ఇంకోళ్లు ఇంకోటంటారు. ఎక్కడ ఆపుతారండి?" అని మరొకరు. తిలకం తెచ్చిన తికమక తెల్లారేదాకా తెగలేదు.

"వదినా, నువ్వు ఫికర్ చెయ్యకు. పొద్దుగాల గేటు ముందట కూసుంటం. మాఫీ అడగకుంటే పిల్ల పేరు కొట్టేయిస్తం!" అన్నాడు రాజేందర్.

ఆ స్కూలంటే మధుకర్‌కు ప్రాణం. నాన్న వేలు పట్టుకుని రసజ్ఞ మొదట అడుగుపెట్టిన చోటు. తండ్రి పోయాక పిల్ల నవ్వడం మళ్లీ నేర్చుకున్నది కూడా అక్కడే!

"అత్తయ్యగారూ... స్కూలు మాన్పించొద్దండి. ముందు నేను వెళ్లి అడుగుతానండి..."

"నువ్వడుగుతవా? నీ నోట్లెకెళ్లి మాట ఎన్నడన్న బయటికొచ్చిందా తల్లీ?"

పొద్దున్నే గేటు ముందు జనం. నినాదాలు. సెల్‌ఫోన్లు. ప్రిన్సిపాల్‌గారు బయటికొచ్చారు. ప్రిన్సిపుల్స్ ఉన్న మనిషి, అందుకే గొంతు పెంచలేదు.

"చూడండమ్మా, గాజులూ పట్టీలూ వద్దన్నాం, నిజమే. ఆటల్లో పగిలి గుచ్చుకుంటాయని. బొట్టును మాత్రం మేమెప్పుడూ వద్దనలేదు. కమలమ్మా, నువ్వు చూసింది చెప్పు."

గేటు దగ్గర ఆయా కమలమ్మ ఇబ్బందిగా ముందుకొచ్చింది. "పాపనే తీసేసుకుంటదమ్మా... దినాం బస్సు దిగంగనే. నిన్నయితే ఎంత రుద్దినా జల్ది పోకపాయె. సీసల నీళ్లన్ని అయిపోగొట్టింది. నేనే వద్దని చెయ్యి వట్టుకున్న."

సక్కుబాయి మనవరాలి భుజాలు పట్టి ఊపింది. "నిజమానే? నాతోని అబద్ధమాడినవా?"

రసజ్ఞ తల్లి వంక చూసింది. "మా క్లాసు మేడమే చెప్పింది నానమ్మా... ఒకరికి ఉండి ఒకరికి లేకుంటే, లేనోళ్లు బాధపడతరని యూనిఫాం పెట్టిండ్రంట. అందరు ఒక్కతీరుండాల్నంట. మరి... మనింట్ల అమ్మకు బొట్టు లేదు. నీకు లేదు. నాకొక్కదానికే ఎందుకు? నువ్వు నాకు పెడుతుంటే అమ్మ రోజూ చూస్తది... అమ్మకు ఏడుపొస్తది నానమ్మా!"

భానుశ్రీ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. రాజేందర్ ఫోను జేబులోకి జారింది. నినాదాలిచ్చినవాళ్లు చెప్పుల వంక చూసుకుంటూ ఒక్కొక్కరే ఆఫీసులకు పోయారు. సక్కుబాయి మాత్రం స్కూలు మెట్ల మీదే కూలబడింది.

ప్రిన్సిపాల్‌గారు రసజ్ఞ తల నిమిరి, "ఈ రోజుకి ఇంటికి తీసుకెళ్లండి. రేపు పంపండి. తప్పకుండా పంపండి" అన్నారు.

ఇంటికొచ్చాక సక్కుబాయి కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏడుస్తుంటివా రోజూ?"

"లేదండి..."

"ఇంటికొకలు అబద్ధమాడిండ్రు, చాలు!" సక్కుబాయి తన అరచేతుల్ని చూసుకుంది. "నా కొడుకు పోయిండు భానూ. వానికోసం నా చేతులతోని ఏదన్న చేద్దామనిపిచ్చింది. నాకొచ్చింది గదొక్కటే... నాకు చేసిందే నీకు చేసిన. నీకు నొస్తదని తెల్వదా నాకు? తెలిసే చేసిన బిడ్డా! తెలిసే..."

భానుశ్రీ ఆమె ఒళ్లో తల పెట్టుకుంది. క్షమించానని అనలేదు. అనలేకపోయింది. ఆ తడిచేతి స్పర్శ ఇంకా నుదుటి మీద చల్లగానే ఉంది. అయినా ఆ ఒళ్లు తప్ప, మధుకర్ కోసం ఏడ్వడానికి ఆమెకు మాత్రం వేరే చోటెక్కడుంది!

మర్నాడు బస్సు వచ్చేవేళ, రసజ్ఞ అద్దం ముందు స్టిక్కర్ల అట్ట పట్టుకుని నిలబడింది. తనొకటి పెట్టుకుంది. ఇంకోటి తీసి తల్లికి చాచింది. భానుశ్రీ వంటింటి వైపు చూసింది.

సక్కుబాయి వీపు తిప్పేసింది. "నేను పాలు సూసుకుంటున్న. అటు సూడ. నా పాణం ఒప్పుకుంటలేదు... నువ్వైతే పెట్టుకో బిడ్డా. జల్ది పెట్టుకో."

భానుశ్రీ పెట్టుకుంది. అద్దంలోకి చూసుకుంది. బొట్టు వచ్చింది... మధుకర్ రాలేదు. చిత్రంగా, అతను వస్తాడని ఇన్నాళ్లూ ఆశపడుతున్నట్టు ఆమెకే తెలియదు! కూతురు నవ్వింది కాబట్టి తనూ నవ్వింది.

"నీకో నానమ్మా? అందరికీ ఒకటే ఉండాలె కదా!"

సక్కుబాయి వెనక్కి తిరగలేదు.

"నాకొద్దు బిడ్డా... నా బడి ఇగ అయిపోవొచ్చింది. గీ యూనిఫాంలనే పోత."

పాలు చూసుకుంటున్నానన్న మనిషి కళ్లముందే పాలు పొంగి, పొయ్యి ఆరిపోయింది.