మేయర్ ఓర్నెల్లా, జారిపోయే బంతి

మున్సిపల్ హాల్లో కుర్చీ ఎక్కి నిలబడి ఓర్నెల్లా గొంతు చించుకుంటోంది.

"అన్నీ పెద్దవాళ్లే నిర్ణయించేస్తారు! మమ్మల్ని ఒక్కరైనా అడిగారా?"

ఆరో తరగతి ఓర్నెల్లా ఆ కొండ ఊరికి పిల్లల మేయర్. భుజం మీదుగా మేయర్ పదవికి గుర్తుగా ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు కండువా. ఎన్నికల్లో గెలిచిన నాటి నుంచి దాన్ని తీస్తే ఒట్టు. నిద్రలో కూడా దిండుకు ఆజ్ఞలు జారీ చేస్తోందని వాళ్లమ్మ గొణుగుడు.

ఆ ఊరు ఎంత ఏటవాలంటే, పైవీధిలో బంతి జారితే కింది ఊరి బామ్మల సూప్ గిన్నెలో తేలాల్సిందే. చదునైన నేల చర్చి ముందు ఒక్కటే ఉంది. అక్కడేమో "బంతి ఆట నిషేధం" అని బోర్డు. అది తీయించడానికే ఈ సభ. పెద్దలు చేతులెత్తితే చాలు.

"పిల్లలందరి మాటా ఇదే!" అంది ఓర్నెల్లా.

వెనక బెంచీ మీద ఓ బుల్లి చెయ్యి లేచింది. ఆమె తమ్ముడు నేవియో. ఒకటో తరగతి.

"నన్నడగలేదే, అక్కా?"

"నోర్మూసుకోరా! ఓటు నాలుగో తరగతి నుంచే."

"బంతి తగిలేది మాత్రం ఒకటో తరగతికే!"

హాలంతా ఘొల్లుమంది. పెద్ద మేయర్ కాటెరీనా కళ్లజోడు సవరించుకుంది.

"మేయర్ గారూ, ఇందాక తమరు మమ్మల్ని ఏమని దులిపేశారు?"

ఓర్నెల్లా చెవులు టమాటాలైపోయాయి. మెల్లగా కుర్చీ దిగి, వెళ్లి తమ్ముడి పక్కన కూర్చుంది.

"నీకేం కావాలిరా?"

"మేమక్కడ సుద్దతో బొమ్మలు గీస్తాం. బోర్డున్నా మీరు దొంగచాటుగా ఆడతారుగా! మొన్న నా తిమింగలం తోక నీ బూట్ల కిందే పోయింది."

"మరి ఎలాగంటావ్?"

వాడు చెవిలో చెప్పాడు. ఓర్నెల్లా కండువా తీసి వాడికి వేసింది. అది వాడి మోకాళ్లు దాటి నేల మీద పాకింది. వాణ్ణి ఎత్తి కుర్చీ మీద నిలబెట్టింది.

"ఈ మాట వీడే చెప్తాడు."

నేవియో గొంతెత్తాడు. "సాయంత్రం చర్చి గంట కొట్టేదాకా సుద్ద. కొట్టాక బంతి. గోల్‌కీపర్ని నేనే!"

చేతులన్నీ లేచాయి.

ఆ సాయంత్రం గంట మోగింది. మొదటి బంతే నేవియో కాళ్ల మధ్య నుంచి దూరి, సందులోకి దూకి, కింది ఊరి సూప్ వైపు పరుగు తీసింది.

"నేవియో, పోయి తే..." అనబోయి ఓర్నెల్లా నాలుక్కరుచుకుంది. "ఎవరు తేవాలో అందరూ చెప్పండి!"

పెద్దపిల్లలవీ, చిన్నపిల్లలవీ వేళ్లన్నీ ఆమె వైపే తిరిగాయి.

మేయరమ్మ నవ్వుకుంటూ కొండ దిగడం మొదలుపెట్టింది.