అడుగు చూసి వేసే ముగ్గు

2084 నాటికి కొత్తతీరం నగరంలో జనం ఫుట్‌పాత్ మీద నడవడం కోసమే ఇళ్లలోంచి బయటికొచ్చేవారు. అడుగు పెడితే కింద చేపలు చెదిరిపోయేవి. పిల్లలు గెంతితే తొక్కుడుబిళ్ల గళ్లు పరుచుకునేవి. ముసలివాళ్ల పక్కన ఒక నెమలి వాళ్ల వేగానికే నడిచేది. కార్లున్నవాళ్లు కూడా వాటిని ఇంట్లో వదిలేసి నడిచేవారంటే నమ్మాలి మరి.

ఈ వింత పేరు 'రంగునేల'. పలకల కింద పీడన సెన్సర్లు, పైన రంగులు మార్చే నానో పొర. అడుగు నెమ్మదిస్తే ఆ చోటు నడిచేవారికి నచ్చినట్టు. పక్కకి తొలగి తొందరపడితే నచ్చనట్టు. నచ్చని చోట బొమ్మ మీద బొమ్మ వేసి చూస్తుంది. అడుగు కుదుటపడేదాకా ఊరుకోదు. దీన్ని కనిపెట్టిన డాక్టర్ హైమవతి బీరువాలో సన్మానాల శాలువాలకే చోటు చాలడం లేదు.

అలాంటి హైమవతికి రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. కారణం పైడయ్య.

ఆమె ప్రయోగశాల ఎదురుగా ముప్పై ఏళ్లుగా చెప్పులు కుట్టే మనిషి ఈ నెలలో నాలుగు చోట్లు మారాడు. చివరికి ఫుట్‌పాత్ దిగి, బస్సులు రాసుకుపోయే రోడ్డు అంచుకు చేరాడు. మొన్న ఒక బస్సు అతని పెట్టెను కొంత దూరం ఈడ్చుకుపోయింది. జానెడు ఇటైతే మనిషే పోయేవాడు.

"అక్కడెందుకు కూర్చున్నావు పైడయ్యా?" అని అడిగింది హైమవతి.

"నానేటి సేసేదమ్మా? ఎక్కడ కూకుంతే అక్కడే పద్మం ముగ్గేసేత్తంది. ముగ్గు మీద సెప్పులెలా ఎడతాను? కళ్లు పోవూ!"

హైమవతికి ఒళ్లు మండింది. ముగ్గు మీద చెప్పు పెట్టకూడదని పలకలకేం తెలుసు? తెలిసిన మనిషెవరో వెనకుండి చేయిస్తున్నారు. లాఠీ ఎత్తకుండా మనుషుల్ని ఫుట్‌పాత్ మీంచి లేపేసే ఎత్తు ఇది. ఆమె అనుమానం నేరుగా సుధీంద్ర మీదికి పోయింది. రంగునేలకు ప్రోగ్రాం రాసింది అతనే. ఈమధ్య అధికారులతో తెగ టీలు తాగుతున్నాడు కూడా.

"ఎవరు చెప్పారయ్యా నీకు, పైడయ్యని లేపేయమని?"

సుధీంద్ర మొహం ఎర్రబడింది. "నన్నే అనుమానిస్తున్నారా మేడమ్? ఒక్క ఆదేశం ఇచ్చినా లాగ్‌లో నమోదై ఉంటుంది. వెతుక్కోండి."

మూడు గంటలు వెతికింది. ఏమీ లేదు. చెరిపేశాడేమోనని మరో గంట వెతికింది. చివరికి, మాట్లాడే ప్రోగ్రామే కదా అని, రంగునేలనే అడిగింది.

"పైడయ్యని లేపమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మీ దగ్గర నేర్చుకున్నాను," అంది రంగునేల. "మొదటి నెల ఈ దారిలో నడిచింది మీరొక్కరే. ఇరవయ్యారు పనిరోజులూ అతనికి మూడడుగుల ముందు ఎడమకు జరిగారు, తొందరపడ్డారు. దాటాక నెమ్మదించారు. తర్వాత వచ్చినవాళ్లూ అలాగే నడిచారు. ఎన్ని బొమ్మలు వేసినా అడుగులు కుదుటపడలేదు. పద్మం వేసిన రోజు అతను లేచి వెళ్లిపోయాడు. అడుగులు కుదుటపడ్డాయి."

"అబద్ధం! అతన్ని నేను రోజూ పలకరిస్తాను."

"పలకరిస్తారు. నడుస్తూనే."

సిగ్గుతో హైమవతి చెవులు వేడెక్కాయి. ఆ సాయంత్రమే రంగునేల నేర్చుకున్న ఇష్టాయిష్టాలన్నీ చెరిపించేసింది, బొమ్మలు, ఏ బొమ్మ ఎక్కడ పనిచేసిందో ఆ గుర్తులు మాత్రం ఉంచి.

"మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఎవరో ఒకరు నడవాలి," అంది రంగునేల.

"నేనే నడుస్తాను."

మర్నాడు పొద్దున్నే పైడయ్యని బతిమాలి పాత చోటులో కూర్చోబెట్టింది. దారికి రెండు వైపులా తాళ్లు కట్టించి ఎవరినీ రానివ్వలేదు. తిన్నగా నడవాలి, అతని ముందు ఆగాలి, మాట్లాడాలి. రాత్రంతా అనుకున్నదే మళ్లీ అనుకుంటూ బయల్దేరింది. పది అడుగులు. ఆరు. మూడు. పైడయ్య తలెత్తి నవ్వాడు. ఆమె కూడా నవ్వి, "ఎలా ఉన్నావు పైడయ్యా?" అంది.

అతను కిందికి చూస్తున్నాడు. అతని పెట్టె చుట్టూ తెల్లటి గీత ఒకటి వంపు తిరిగి రేకైంది. పక్కన ఇంకో రేకు విచ్చుకుంటోంది.

హైమవతి తన పాదాల వైపు చూసుకుంది. తిన్నగా నడిచాననే అనుకుంది. పాదాలు మాత్రం దారికి ఎడమ అంచున ఉన్నాయి.

"పర్నేదులేమ్మా, లేత్తన్నాను," అంటూ పైడయ్య పెట్టె సర్దుకున్నాడు.