రెండు వేళ్ళ వదులు

పెళ్ళయి నాలుగు నెలలైనా, పొద్దున్నే ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు కనబడితే ఆ అమ్మాయికి ఇంకా నవ్వొచ్చేది. ఆ మంగళవారం కూడా నవ్వుకుంటూనే పళ్ళు తోముకుని వంటింట్లో టీ పెట్టింది. ముందు గదిలో అత్తగారి కుట్టుమిషను అప్పటికే పరుగందుకుంది. ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుడతారు. బడులు తెరిచే ముందు నెలలో ఆ ఇంట్లో మిషను చప్పుడే గడియారం. ఆరింటికి మొదలై తొమ్మిదింటికి గానీ ఆగదు.

ఆ రోజు ఏడున్నరకే ఆగింది.

కోడలు కప్పులతో వెళ్ళేసరికి అత్తగారు మిషను బల్ల మీద మోచేయి ఆనించి, ఎడమ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నారు. మణికట్టు మీద నారింజ రంగు గుడ్డపట్టీ ఉంది. పక్కన చింపిన కవరు, అందులో అలాంటిదే ఇంకొకటి.

"నిన్న మధ్యాహ్నం కొరియరొచ్చిందమ్మాయ్, చెప్పడం మర్చిపోయా," అన్నారావిడ. "ఎలా ఉంటుందో చూద్దామని పెట్టుకున్నా. ఇప్పుడు రావట్లేదు."

కోడలు కప్పులు బల్ల మీద పెట్టి కవరు తీసి చూసింది. ఊరి బయట మైదానంలో ఆదివారం పగలంతా సంగీతోత్సవం. ఆ పట్టీయే దానికి టిక్కెట్టు. దాని మీది నల్ల ప్లాస్టిక్ బిళ్ళ ఒకవైపే జారుతుంది. ఒకసారి బిగిస్తే కత్తిరించి తీయాల్సిందే, కత్తిరించిన పట్టీ గేటు దగ్గర చెల్లదు. దాని మీద పేరేమీ ఉండదు, ఎవరి చేతికి ఉంటే వాళ్ళదే చోటు.

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే ఆ అమ్మాయికి ఇది ఎనిమిదేళ్ళ పిచ్చి. కాలేజీలో చేరిన ఏడాది, ఒక స్నేహితురాలికి తోడుగా వెళ్ళి మొదటిసారి ఆ గాయనిని విన్నది. ఇసుక మీద చెప్పులు ఈడ్చినట్టుండే గొంతు. అభిమానులు ఆవిణ్ణి ముద్దుగా బొంగురమ్మ అంటారు. అప్పటినుంచి బొంగురమ్మ ఎక్కడ పాడినా ఈమె వేదిక ముందు ఇనుప కంచె పట్టుకుని నిలబడాల్సిందే. అక్కడ ఇంకో ముగ్గురున్నారు. అసలు పేర్లు ఎవరూ అడగలేదు. ఒకాయన గొడుగు, ఒకామె బిస్కెట్టు, ఒకాయన మాస్టారు. ఈమె కళ్ళజోడు. ఒకరు మంచినీళ్ళకు వెళితే మిగిలినవాళ్ళు మోచేతులు చాచి చోటు కాస్తారు. వాన పడినా గొడుగు తన గొడుగు తెరవడు, వెనకవాళ్ళకు అడ్డమని. ఇలాంటి చిన్న చిన్న మర్యాదలంటే ఆమెకు ప్రాణం.

ఈసారి సంగతి వేరు. డాక్టర్లు దుమ్మూ గాలీ వద్దన్నారని, ఆరుబయట పాడటం తనకిదే ఆఖరని బొంగురమ్మ చెప్పేసింది. అందుకే ఈమె నాలుగు నెలల ముందే రెండు పట్టీలకు డబ్బు కట్టింది. ఒకటి తనకు, ఒకటి భర్తకు. పెళ్ళికి ముందు అతను తనతో రెండుసార్లు వచ్చాడు మరి.

అతను స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చి సంగతి విన్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, చేతులకు పని తెలుసు. పిన్నుతో కెలికి చూశాడు, సబ్బు రాశాడు, ఆఖరికి టిక్కెట్ల వాళ్ళకు ఫోన్ చేశాడు. ఇంకొకటి ఇవ్వరట, అన్నీ అమ్ముడైపోయాయట.

"పోనీలే," అన్నాడు ఫోన్ పెట్టేసి. "నీతో అమ్మే వస్తుంది."

ఆ మాట మరీ తొందరగా వచ్చింది. పరీక్ష వాయిదా పడిందని విన్న పిల్లాడి మొహంలా ఉంది అతని మొహం. భుజాలు రెండూ అంగుళం కిందికి దిగాయి. కోడలు అది చూసింది. టీ తాగి పనికి వెళ్ళిపోయింది.

రోజంతా దుకాణంలో వచ్చినవాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మార్చి మార్చి పెడుతూ, ఇది స్పష్టంగా ఉందా, అది స్పష్టంగా ఉందా అని అడుగుతూనే ఉంది. తనకు మాత్రం అతని భుజాలే కనబడుతున్నాయి. సాయంత్రం ఇంటికి రాగానే కవరులోని రెండో పట్టీ తీసి, దీపం కింద పెట్టి చూసింది. బిళ్ళ లోపల సన్నటి పళ్ళు, అన్నీ ఒకవైపుకే వంగి ఉన్నాయి. ఎవరికైనా కనబడతాయి. పంట్లాము జిప్పు కొనడానికి వెళితే బొటనవేలితో పన్ను పన్నూ తడిమి గానీ తీసుకోని అత్తగారికి కనబడవా?

ముందు గదిలో భర్త నేలమీద కూర్చుని ఇస్త్రీపెట్టె ప్లగ్గు విప్పుతున్నాడు. అత్తగారు కాలర్లు తిరగేస్తున్నారు.

"అత్తయ్యా, చెయ్యి ఇటివ్వండి," అంది.

ఆవిడ ఇచ్చారు. కోడలు పట్టీకీ మణికట్టుకూ మధ్య తన వేళ్ళు దూర్చింది. సరిగ్గా రెండు పట్టాయి. పిల్లలు ఎదుగుతారు, రెండు వేళ్ళు వదులుండాలి అని కాలరు కుట్టినా, కఫ్ కుట్టినా ఆవిడ రోజుకు పదిసార్లు అనే మాట ఆమెకు చెవిలో వినబడింది.

"ఇది పొరపాటున బిగిసింది కాదు," అంది. "కొలిచి బిగించారు."

భర్త తలెత్తాడు. అత్తగారు పళ్ళతో దారం కొరికి, సూదిని దిండుకు గుచ్చి, కాలరు మడిచి పక్కన పెట్టారు.

"అవును," అన్నారు. "కావాలనే."

"మీకు రావాలనుంటే అడగొచ్చు కదా. అప్పుడే మూడోది తెప్పించేదాన్ని."

"నాకెందుకమ్మా ఆ గోల. వాణ్ణి తప్పించడానికి."

ఆ తరవాత ఆవిడ చెప్పింది పెద్ద కథేమీ కాదు. కొడుక్కి ఆరేళ్ళప్పుడు, సెలవుల రద్దీలో, రైల్వేస్టేషన్‌లో చెయ్యి జారింది. రెండు గంటలు వెతికితే టిక్కెట్ల గది బల్ల కింద పళ్ళు గిట్టకరుచుకుని దొరికాడు. అప్పటినుంచీ జనం మధ్యలో వాడికి ఊపిరాడదు. పోయినవారం అంతా రాత్రికి నాలుగుసార్లు లేచి నీళ్ళు తాగాడు. వాడు పెళ్ళానికి చెప్పడు, పెళ్ళాం కనుక్కోదు, మధ్యలో తను ఏం చెయ్యాలి. అందుకని పట్టీ తన చేతికి తగిలించుకున్నారట.

అత్తగారి ముందు భర్తను మీరు అనడం ఆ అమ్మాయి పెట్టుకున్న నియమం. ఆ సాయంత్రం అది గుర్తే లేదు.

"పద్దెనిమిదో అంతస్తు మీద, లిఫ్టు గొయ్యిలో తాడుకు వేలాడతావు. నీకు జనమంటే భయమా?"

"గొయ్యిలో నేనొక్కణ్ణే కదా," అన్నాడతను, ప్లగ్గు వైపే చూస్తూ.

"మరి రెండుసార్లు వచ్చావే. ఎగిరావు కూడా."

"ఊపిరాడక ఎగిరాను. నాకు నచ్చిందనుకున్నావు నువ్వు."

అతనే మెల్లగా చెప్పుకొచ్చాడు. మొదటిసారి వచ్చినరోజు, తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె అతని భుజం మీద తల పెట్టి, నాతో కంచె దగ్గర నిలబడే మనిషి దొరికాడు, ఇంకేం కావాలి అందట. ఆ మాట విన్నాక నోరు లేవలేదట. ఆ కంచె దగ్గరే కదా తనను ఒప్పుకుంది, అదే కాదంటే ఇక ఏం మిగులుతుందని.

"అంటే, నిజం చెబితే నేను వెళ్ళిపోతాననుకున్నావా?"

అతను విప్పిన ప్లగ్గును మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. అదే బదులు.

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారు తల్లీకొడుకులు," అంది ఆమె. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఒకరు దాచడం, ఒకరు దాన్ని కప్పిపుచ్చడం. ఈ ఇంట్లో నా ముందు ఇంకెన్ని నటిస్తున్నారో నాకేం తెలుసు. నేను ఎక్కడికీ వెళ్ళను. బొంగురమ్మా వద్దు, ఏమీ వద్దు."

రెండో పట్టీని బొత్తాల డబ్బాలో పడేసి గదిలోకి వెళ్ళిపోయింది.

మూడు రోజులు ఆ ఇంట్లో మిషను తప్ప ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఆమె బ్రష్షుల వైపు చూడకుండా పళ్ళు తోముకుంది. అత్తగారు పట్టీని కత్తిరించలేదు. కత్తెర జానెడు దూరంలోనే ఉంది. స్నానం చేసినా, గిన్నెలు తోమినా, తడి పట్టీతోనే కుట్టుకున్నారు.

శనివారం పొద్దున ఆమె డాబా మీద బట్టలు ఆరేస్తుంటే భర్త వచ్చి క్లిప్పులు అందించడం మొదలుపెట్టాడు. సగం తాడు నిండాక, ఏదైనా అడుగు, ఉన్నదున్నట్టు చెబుతానన్నాడు. ఆమె దుప్పటి దులిపింది.

"నా కూర?"

"ఉప్పెక్కువ."

"రోజూనా?"

"వారానికి నాలుగు రోజులు."

"నేను కొన్న నీలం చొక్కా?"

"మెడ దగ్గర గుచ్చుకుంటుంది."

"మరి నేను?"

అతను క్లిప్పు నొక్కుతూ వదులుతూ ఆలోచించాడు. "తలుపులు ధనాధనా వేస్తావు. మిగతాదంతా బాగుంటుంది."

నవ్వకూడదనుకున్నా నవ్వొచ్చింది, దానితోపాటే ఏడుపూ వచ్చింది. తడి దుప్పటితోనే మొహం తుడుచుకుంది. బొంగురమ్మ పాటలు కూడా పడవా అని అడిగింది, భయపడుతూనే.

"అవి ఇష్టం. గొయ్యిలో పని చేసేటప్పుడు అవే వింటాను. జనమే పడదు."

"ఇంత చిన్న సంగతా?"

"చిన్నదని నీకు తెలుసు. నాకెలా తెలుస్తుంది?"

ఎనిమిదేళ్ళుగా కలిసినవాళ్ళందరినీ కంచెవైపు లాక్కుపోవడమే తప్ప, నీకు ఇష్టమేనా అని తను ఒక్కరినీ అడగలేదని తాడు చివరికి వచ్చాక తోచింది. అతను ఖాళీ బకెట్టు అందుకుని, రేపు వెళ్ళు, అమ్మను కూడా తీసుకెళ్ళు, బస్సు దిగేచోట నేనుంటాను అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం గేటు దగ్గర వరసలో గొడుగు వీళ్ళను చూసి దగ్గరికొచ్చాడు. కంచె దగ్గరికి అత్తగారిని తెచ్చినవాళ్ళను ఇన్నేళ్ళలో చూడలేదన్నాడు. అత్తగారు అతని మాట వినలేదు, అతని చొక్కా భుజం దగ్గర ఊడిన కుట్టు చూశారు. సంచిలోంచి పిన్నీసు తీసి, కదలకు బాబూ అని, అక్కడే బిగించేశారు. దాంతో మాస్టారు కూడా తన చొక్కా చేతులు చూపించాడు.

లోపలికి వెళ్ళాక ఆవిడ కోసం జనానికి వెనకగా, పాటల శబ్దం సరిచూసే గుడారం పక్కన గడ్డిమీద దుప్పటి పరిచింది కోడలు. తనూ అక్కడే ఉండిపోతానంది.

"నన్ను కాపలా కాయడానికొచ్చావా, పాట వినడానికొచ్చావా?" అన్నారావిడ. "పో, పోయి నీ ఇనుప కంచె పట్టుకో."

నాలుగింటికి బొంగురమ్మ వచ్చింది. కాస్త వంగింది, ఒక చేతిలో కర్ర ఉంది. మొదటి పాటకే బిస్కెట్టు వెక్కివెక్కి ఏడ్చింది. మూడో పాటలో, జనమంతా చేతులెత్తి ఊగుతున్నప్పుడు, కోడలు వెనక్కి తిరిగి చూసింది. చేతుల అడవి తప్ప ఏమీ కనబడలేదు. అత్తగారు తొక్కిసలాటలో పడ్డారేమో, నీళ్ళు అందాయో లేదో. నాలుగో పాట మొదలయ్యేసరికి ఇక నిలవలేకపోయింది. గొడుగుతో చెప్పి, ఎనిమిదేళ్ళలో మొదటిసారి, పాట మధ్యలో కంచె వదిలేసింది.

ఎదురు జనంలో ఈదుకుంటూ వెళితే పావుగంట పట్టింది. ఊపిరి బిగపట్టి, మోచేతులు దగ్గరికి ముడుచుకుని నడుస్తుంటే అతనికి ఎలా ఉండి ఉంటుందో కొంచెం తెలిసింది.

గుడారం పక్కన అత్తగారు నిద్రపోతున్నారు. వెల్లకిలా పడుకుని, సంచి తలకింద పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి. స్పీకర్ల మోతకు నేల అదురుతోంది, పక్కనే పాతికమంది గెంతుతున్నారు. ఆవిడకు పట్టనే లేదు.

కోడలు నవ్వడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయింది. కళ్ళు నిండాయి. తన మెప్పు కోసం ఎగిరినవాణ్ణి చూసింది. తన కోసం వచ్చి, నచ్చక, ఆ నచ్చకపోవడం దాచకుండా హాయిగా నిద్రపోయిన మనిషిని ఇప్పుడే చూస్తోంది. ఇలా కూడా తోడు రావచ్చు. చెప్పులు విప్పి ఆవిడ పక్కన గడ్డిమీద కూర్చుంది. ఇక్కణ్ణుంచి బొంగురమ్మ బొటనవేలంత కనబడుతోంది. గొంతు మాత్రం ఇంకా నిండుగా వినబడుతోంది. కంచె దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు.

మూడు పాటల తరవాత అత్తగారు కదిలి, లేచి కూర్చుని, జుట్టు ముడేసుకున్నారు.

"అయిపోయిందా?"

"ఇంకొకటుంది అత్తయ్యా. పడుకోండి."

ఆవిడ కాసేపు విన్నారు. వినాలి కాబట్టి విన్నారు. "ఏమనుకోకు. ఆవిడ గొంతేం బాగాలేదు."

"ఎప్పుడూ బాగాలేదు," అంది కోడలు, నవ్వుతూ ముక్కు తుడుచుకుంటూ.

"నువ్వెందుకొచ్చావిక్కడికి? చోటు పోతుంది."

"పోనీండి."

అత్తగారు గడ్డిపరక తెంపి వేళ్ళకు చుట్టుకున్నారు. ఆ రోజు తను చేసింది తప్పేనన్నారు. వాడు నోరు విప్పేదాకా ఓపిక పట్టాల్సిందని, వాడికి ముప్పై ఏళ్ళొచ్చినా ఆ బల్ల కిందే ఉన్నాడనుకున్నానని.

తరవాత చుట్టూ ఒకసారి చూశారు. "పగలు పడుకుని ఎన్నేళ్ళయిందో. ఇంట్లో కన్ను మూస్తే ఎవరో ఒకరు పిలుస్తారు. ఇంతమందిలో నన్ను పిలిచేవాళ్ళు ఒక్కరు లేరు చూడు. మళ్ళీ ఏడాది కూడా వస్తాను. ఈసారి అడిగే వస్తాను."

"మళ్ళీ ఏడాది ఆవిడ ఉండదు అత్తయ్యా. బయట పాడటం ఇదే ఆఖరు."

"అయితే ఇంకొకావిడ పాడుతుంది," అన్నారు అత్తగారు. "నా నిద్రకు ఎవరైతేనేం."