పాముచెవుల మెకానిక్కు

"మా కారు ఈల వేస్తోందండీ," అంది ఆ అమ్మాయి.

షెడ్డు కౌంటరు దగ్గర కూర్చున్న మెకానిక్కు బావ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఎవర్ని చూసి?"

"అది జోకా? నవ్వాలా నేనిప్పుడు?"

"మీ ఇష్టమండీ. బలవంతమేం లేదు."

"ఇక్కడెవరో పాముచెవులాయన ఉన్నారట. ఆయన్ని పిలవండి."

ఈ మాటలన్నీ మెకానిక్కుకి బావ తర్వాత చెబితే తెలిశాయి. అప్పుడతను నాలుగడుగుల దూరంలో వేరే బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అతనికి కనిపించింది నీలం రంగు చెప్పులు, చిరాగ్గా నేలని తడుతున్న ఒక పాదం. అంతే.

పాముచెవులన్నది కస్టమర్లు పెట్టిన పేరు. బండి గేటు దాటుతుండగానే "మూడో సిలిండరు సరిగ్గా కొట్టడం లేదు" అని చెప్పేసేవాడు. పాత ఫారిన్ కార్లవాళ్ళు షెడ్డు వెతుక్కుంటూ వచ్చేది ఆ చెవుల కోసమే. అలాంటి బండికి కంప్యూటర్ తగిలిస్తే నోరు విప్పదు. పార్టు కావాలంటే ఓడెక్కి రావాలి. జబ్బేమిటో తెలియాలంటే వినడం ఒక్కటే దారి.

ఏడాదిగా ఆ దారి మూసుకుపోతోంది. ముందు సెల్లు అలారం వినపడ్డం మానేసింది. తర్వాత పిట్టలు. మొన్న పక్క గదిలో అక్క కూతురు గుక్కపట్టి ఏడుస్తుంటే తను పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. "రాతి గుండెరా నీది," అంది అక్క. ఆ మాట వినపడింది. బొంగురు శబ్దాలు వినపడతాయి. సన్నటివే రావడం లేదు. ఈ సంగతి అక్కకీ బావకీ కూడా చెప్పలేదు.

అమ్మాయి కారు ముదురాకుపచ్చ రంగు స్టేషన్ వ్యాగను. ఇరవై ఆరేళ్ళ క్రితం యూరప్ నుంచి వచ్చింది. సీట్ల తోలు చిరిగి కుట్టిన చోట కూడా నీటుగా ఉంది.

"మా నాన్న ఒక ఫ్యాక్టరీలో విదేశీ ఇంజనీరుకి డ్రైవరు," అందామె. "ఆయన తన దేశం వెళ్ళిపోతూ కారు నాన్నకిచ్చేశాడు. నాన్న పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. మా అమ్మ దీన్ని సవతి అంటుంది."

"ఎందుకని?"

"పెళ్ళిరోజు మర్చిపోయేవారట గానీ దీనికి ఆయిల్ మార్చే తారీకు మాత్రం మర్చిపోలేదట."

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వితే ఆమె ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి లేస్తుంది. అది చూడకపోయి ఉంటే ఆ రోజు నిజం చెప్పేవాడేమో.

ఇద్దరూ కార్లో ఒక చుట్టు తిరిగొచ్చారు. "అదుగో," అందామె మలుపు దగ్గర. "వినపడిందా? సన్నగా, దూరంగా ఎవరో ఈల వేసినట్టు."

అతనికి ఇంజను గుర్రుమనడం తప్ప ఏమీ వినపడలేదు.

"ఈ వయసు కార్లకి అవి మామూలేనండీ. ఏం లేదు."

ఆమె అతని వైపు ఒక్క క్షణం ఎక్కువసేపు చూసింది. "నిజంగానా?"

"నిజంగానే."

ఆమె అంబులెన్సు కంట్రోల్ రూములో ఫోన్లు ఎత్తే ఉద్యోగి అని రెండోసారి వచ్చినప్పుడు తెలిసింది. అవతలివాళ్ళ ఊపిరి వినగానే మనిషి ఎంత ప్రమాదంలో ఉన్నాడో పోల్చేస్తుందట. బయట వాన దంచికొడుతోంది. రేకుల షెడ్డు కింద, గ్లాసులో టీ చల్లారిపోతుంటే, ఆమె అతన్ని ఆటపట్టిస్తూ కూర్చుంది.

"పాముకి చెవులే ఉండవట, తెలుసా? నేలలో అదురు తెలుస్తుందంతే. మీకీ పేరు పెట్టినవాడెవడో మిమ్మల్ని తిట్టాడు."

అతను గ్లాసు పక్కన పెట్టాడు. "అలాగా," అన్నాడు.

"అన్నట్టు, నేను ఫోన్ చేస్తే ఎత్తరేం? మెసేజీలేనా? నా గొంతు అంత బాగోదా?"

"మాట్లాడ్డం కంటే రాయడం తేలిక నాకు."

"పాత కార్లు, రాత మెసేజీలు. మీరు మీ తాతగారి కాలంలో పుట్టాల్సినవారు." కనుబొమ్మ లేచింది. వెంటనే దిగింది. "ఈల ఎక్కువైందండీ. ఈసారి సరిగ్గా చూడండి."

బానెట్ ఎత్తాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాడు. ఒక్కోచోటా ఆనించాడు. గుర్రుమనడమే తప్ప ఈల లేదు. బావ పది అడుగుల దూరంలో ఉన్నాడు. "బావా, ఓసారి విను" అంటే అయిపోయేది. ఆమె ముందు ఆ మాట గొంతు దాటలేదు.

"ఫ్యాను బెల్టు కాస్త బిగించాను. తగ్గుతుంది," అన్నాడు.

ఆ తర్వాత పదకొండో రోజు పొద్దున్న ఆమె మెసేజీ వచ్చింది. 'ఫ్లైఓవర్ దిగుతుంటే ఇంజను ఆగిపోయింది. అమ్మకి దెబ్బ తగిలింది. కారు మీ షెడ్డుకే పంపిస్తున్నాను.'

ముందు భాగం నుజ్జయిన ఆకుపచ్చ కారుని క్రేను లాక్కొచ్చింది. అతను ఇంజను కవరు విప్పాడు. టైమింగ్ బెల్టు తెగి పీచుపీచుగా ఉంది. దాన్ని బిగుతుగా పట్టి ఉంచే చిన్న చక్రం వేడికి నీలంగా మారి బిగుసుకుపోయింది. ఎన్ని వారాలుగా అరుస్తోందో. ఇంజను ఆగితే బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. స్టీరింగు బరువెక్కి మొరాయిస్తుంది. ఆమె శక్తికొద్దీ తొక్కే ఉంటుంది.

బావ వెనకనుంచి తొంగి చూశాడు. "ఇరవై ఆరేళ్ళ బండి. ఏదైనా తెగుద్ది. ఎందుకలా కూర్చుండిపోయావ్?"

"ఆమె రెండుసార్లు చెప్పింది బావా. నాకు వినపడలేదు."

"వినపడకపోవడమేంటి?"

అతను చెప్పాడు. బావ చాలాసేపు నూనెగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడవడానికి చేతులకేం లేదు.

"మీ అక్కకి చెప్పకు, ఏడుస్తుంది. ఆ అమ్మాయికి అసలు చెప్పకు. ఆ చక్రం చెత్తలో పడేయ్. అడిగినవాడు లేడు, చూసినవాడు లేడు. షెడ్డు మూసుకుని రోడ్డున పడదామా చెప్పు?"

బావ చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. అతనూ భయపడ్డాడు. మధ్యాహ్నం దాకా ఆ చక్రాన్ని జేబులో వేసుకుని షెడ్డంతా తిరిగాడు. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళాడు.

ఆమె వరండాలో బెంచీ మీద ఉంది. నుదుటి మీద కట్టు. "తుంటి ఎముక విరిగింది," అంది. "ప్లేటు వేస్తారట. మళ్ళీ నడుస్తుందో లేదో నడిచినప్పుడు తెలుస్తుందన్నారు."

అతను చక్రం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె బలంగా తిప్పితే కష్టం మీద కదిలింది.

"చప్పుడొస్తోందా?"

"కీచుమంటోంది."

"నాకు రావడం లేదు. ఏడాదిగా ఇలాంటివేవీ వినపడవు. మీ ఈల నేను ఒక్కసారి కూడా వినలేదు. వినపడలేదని చెప్పడానికి సిగ్గుపడ్డాను. మీ దగ్గర మరీను."

ఆమె చక్రాన్ని ఇంకోసారి తిప్పింది. నర్సు ట్రాలీ తోసుకుంటూ ఇద్దరి మధ్య నుంచి వెళ్ళింది.

"నా పని గొంతులు వినడం," అంది చివరికి, పెదాలు సరిగ్గా కదలకుండా. అతను ముందుకి వంగి వినాల్సి వచ్చింది. "మొదటి రోజే మీ గొంతులో అబద్ధం వినపడింది నాకు. అయినా మా అమ్మని ఎక్కించుకున్నాను. ఎందుకో తెలుసా? మీరు నచ్చారు. నచ్చినవాడు అబద్ధమాడడనుకున్నాను." చక్రం అతని ఒళ్ళో పెట్టేసింది. "వెళ్ళిపోండి."

అతను వెళ్ళాడు. వారం తర్వాత చెవుల డాక్టరు దగ్గరికీ వెళ్ళాడు. నరం ఎండిపోతోందన్నాడు డాక్టరు. మందు లేదన్నాడు. ఐదేళ్ళు, మహా అయితే ఎనిమిది. ఆ తర్వాత బొంగురు శబ్దాలూ పోతాయి. మిషను పెట్టుకుంటే ఉన్నన్నాళ్ళూ పనికొస్తుందని చీటీ రాసిచ్చాడు. చెవిలో మిషను పెట్టుకున్న మెకానిక్కుకి ఎవడు బండి ఇస్తాడని, ఆ చీటీ మడిచి పర్సులో దాచాడు.

కానీ అబద్ధం మాత్రం మానేశాడు. గేటు దగ్గరే ప్రతి కస్టమరుకీ చెప్పేవాడు: "నాకు చెవులు సరిగ్గా పనిచేయవు. చప్పుడు సంగతైతే మా బావకి వినిపించండి." సగంమంది మొహమాటంగా నవ్వి, బండి వెనక్కి తిప్పుకుని పోయారు. అక్క ఏడ్చింది. బావ వినడం నేర్చుకోసాగాడు. పాపం, ఆయనకి అన్ని చప్పుళ్ళూ ఒకేలా వినపడేవి.

ఆకుపచ్చ కారు ఇంజను విప్పి బల్ల మీద పరిచాడు. వాల్వులన్నీ పిస్టన్లకి తగిలి వంగిపోయాయి. అదే మోడలు ఇంకోటి పాత ఇనుము గోదాములో పడి ఉండగా కనబడితే, వారం రోజులు ఆ తుక్కులో కూర్చుని దాని సిలిండరు హెడ్డు విప్పి తెచ్చుకున్నాడు. ఇప్పుడు చెవికి బదులు వేలికొనలు పెట్టేవాడు. మంచి బేరింగుకీ చెడ్డదానికీ అదురులో తేడా మెల్లిగా తెలిసింది. నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగో నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె వచ్చింది. నీలం చెప్పులు కావు. చిక్కిపోయింది. అతను కంగారుగా లేచి నిలబడ్డాడు.

"రెండో ఆపరేషన్ కూడా అయింది. వాకర్ పట్టుకుని పది అడుగులు వేస్తోంది," అంది. "కారు తుక్కుకి వేసేయమని చెబుదామని వచ్చాను." తర్వాత బల్ల మీద వరసగా తుడిచి పెట్టిన వాల్వుల వైపు చూసింది. ఏమీ చెప్పకుండా స్టూలు లాక్కుని కూర్చుంది.

మరుసటి ఆదివారం కూడా వచ్చింది. ఆ పై ఆదివారం టీ తెచ్చింది. కోపం పోలేదు. ఒకసారి స్పానరు అందిస్తూ, అమ్మ బాత్రూముకి వెళ్ళడానికి ఎంతసేపు పడుతుందో నిమిషాలతో సహా చెప్పింది. అతను తల వంచుకుని విన్నాడు. ఇంకోసారి అతని బుగ్గకంటిన గ్రీజు కొంగుతో తుడిచి, చేసిన పనికి తనే ఉలిక్కిపడింది.

ఇంజను మొదటిసారి స్టార్టయిన రోజు ఆమె బానెట్ మీదకి వంగి చాలాసేపు విన్నది. "ఏ ఈలా లేదు," అంది. కళ్ళు తుడుచుకుంది.

"ఒకటి చెప్పాలి," అన్నాడతను. "నాకు మీరంటే ఇష్టం. కానీ ఇంకో ఐదారేళ్ళకి మీ గొంతు కూడా వినపడదు నాకు. తెలిసి తెలిసి మిమ్మల్ని ఆ గోతిలోకి లాగలేను."

"లాగడానికి నేనేమన్నా ట్రాలీనా? నడిచి వస్తాను." ఆ కనుబొమ్మ లేవలేదు. "రోజుకి రెండు వందల మంది గొంతులు వింటాను. సగం మంది ఏడుస్తుంటారు. ఇంటికొచ్చి కాసేపు ఏమీ వినకుండా ఎవరి పక్కనైనా కూర్చోవాలనిపిస్తుంది. నాకు కావలసింది ఒక్కటే. వినపడకపోతే వినపడలేదనండి. పదిసార్లయినా చెబుతాను. వినపడిందని మాత్రం అనకండి."

"అనను."

"అయితే మా అమ్మ దగ్గరికి రండి. బెల్టు తెగిందనే చెప్పాను ఆవిడకి. మిగతాది మీరు చెప్పాలి. నేను చెప్పను."

ఆవిడ కిటికీ పక్క కుర్చీలో ఉంది, ముందు వాకరు. అతను కూర్చోలేదు. మొదటి రోజు నుంచి చక్రం దాకా నిలబడే చెప్పాడు. కూతురు తలుపు పట్టుకుని నిలుచుంది.

"అంటే నా తుంటి విరిచింది నువ్వన్నమాట," అందావిడ.

"అవునమ్మగారూ."

"రెండు మాటలు. నాకు వినపడలేదమ్మా అని రెండు మాటలు రాలేదా నోటికి?"

"రాలేదు."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ ఇంకేదో గొణిగింది. అతనికి అందలేదు. "మీరన్నది వినపడలేదమ్మగారూ," అన్నాడు.

ఆవిడ తల తిప్పి అతన్ని పైనుంచి కిందికి చూసింది. "క్షమించాననేం అనను. మెట్టు కనపడ్డప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు. బతికినన్నాళ్ళూ నిన్ను తిడతాను. నేను కడుపు మండి తిడుతుంటే నువ్వు గోడలా నిలబడితే నాకేం తృప్తి? చెవికి పెట్టుకునే మిషన్లున్నాయటగా. అది పెట్టుకుని రా. అప్పుడు తిడతాను."

చీటీ పర్సులోంచి బయటికొచ్చింది. మూడు వారాల్లో చెవికో మిషను వచ్చింది. అద్దంలో చూసుకుంటే వేరే ఎవరో అనిపించింది. ప్లేటు మీద చెంచా పడితే తల లోపల ఏదో పగిలినట్టయింది.

ఆ మంగళవారం పొద్దున్న ఆవిణ్ణి ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. ఆకుపచ్చ కారు గుమ్మం ముందు ఆగింది. తల్లీ కూతుళ్ళు మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ వెనక సీట్లో ఒరిగి, కాలు పైకి చాపుకుంది. ఒక్క మూలుగు కూడా అతనికి వినపడకుండా పోలేదు.

కారు కదలగానే మొదలుపెట్టింది. గొయ్యి చూసి నడపమంది. ఈ సవతి మూలంగా మొగుణ్ణి సగమే ఏలుకున్నానంది, నీ మూలంగా కాళ్ళూ సగమే మిగిలాయంది. చెవులు చూసి మొనగాడనుకున్నారట జనం అంది. పక్క సీట్లో కూతురు రోడ్డు వైపే చూస్తోంది. సిగ్నల్ దగ్గర అతను కాస్త గట్టిగా బ్రేకు వేశాడు.

"అబ్బా, నా నడుం. పెళ్ళయ్యాక దాన్ని కూడా ఇలాగే కుదిపి తిప్పుతావా ఏంటి?"

సిగ్నల్ పచ్చబడింది.

"వినపడిందా?" అంది కూతురు మెల్లిగా, రోడ్డు వైపే చూస్తూ.

"వినపడింది," అన్నాడు. అది నిజం.

ఆవిడ ఆసుపత్రి గేటు దాకా తిడుతూనే ఉంది.