పదకొండో శేరు

పొద్దున టీ కాగుతున్నా ఏసమ్మ కూలర్ ముందు నుంచి లేవలేదు. రేకుల కప్పు కింద ఆ ముసలామె వేసవి అంతా తడిగుడ్డ కప్పుకుని పడుకునేది. నిన్న రాత్రే కాస్త నిద్రపోయింది. నీ కడుపు చల్లగుండ అని కోడలి తమ్ముడు సాగర్‌ను రెండుసార్లు దీవించింది.

సాగర్ మార్కాపురంలో ఫ్యాన్లు, కూలర్లు అమ్మే దుకాణంలో పనిచేస్తాడు. తల్లీ తండ్రీ లేరు. సెలవు దొరికితే కొనకనమిట్ల దగ్గరున్న అక్క ఎలీషబా ఇంటికి వచ్చేస్తాడు. పనివాళ్ళ ఇళ్ళకు జీఎస్టీ తానే కట్టుకుని అసలు ధరకే ఇస్తానని యజమాని అన్నాడట. బావ శ్యాంసన్ దగ్గర పదివేలు తీసుకుని, నిన్న సాయంత్రం కూలర్‌ను ఆటోలో తెచ్చాడు.

పెట్టె మీద పన్నుతో కలిపి పదకొండు వేల ఎనిమిది వందలు అని ఉంది. పన్ను నూటికి పద్దెనిమిది అని సాగరే చెప్పాడు. శ్యాంసన్ కూతురు ప్రశాంతిని పిలిచి, ఆ మొత్తంలో పద్దెనిమిది శాతం తీసేయమన్నాడు. ఆ పిల్ల ఫోన్‌లో నొక్కి చూపించింది. తొమ్మిది వేల ఆరు వందల డెబ్బై ఆరు.

బామ్మర్దిని ఆటపట్టించనిదే శ్యాంసన్‌కు టీ దిగదు.

"ఏందిరా సాగరూ, అక్క ఇంట్లో గూడా కమీషనేనా? మూడొందల ఇరవై నాలుగు మింగినావే."

అందరూ నవ్వారు. సాగర్ నవ్వలేదు.

"దుకాణంలో కంప్యూటర్ పదివేలే చూపిచ్చింది బావా."

"కంప్యూటర్ ఒకటి చెప్పి ఫోన్ ఇంకోటి చెప్తాదా? ఎట్ల వచ్చిందో చెప్పు."

సాగర్‌కు చెప్పడం రాలేదు. బిల్లు కొట్టేది వేరే అతను. శ్యాంసన్ అక్కడితో ఆపవలసింది. ఆపలేదు.

"ఉంచుకోలేరా. నేనేమన్నా అడిగినానా?"

సాగర్ జేబులోంచి నాలుగు వందలు తీసి మంచం మీద పెట్టాడు.

"నేనింక రాను బావా. అత్తకు కూలర్లో నీళ్ళు తగ్గకుండా చూసుకోండి."

టీ ముట్టకుండా బస్సుకు వెళ్ళిపోయాడు. ఎలీషబా వీధి దాకా వెళ్ళి పిలిచింది. అతను తిరిగి చూడలేదు.

"నవ్వులాటకే అంటివి, నాకు తెలుసు" అంది లోపలికి వచ్చి. "వాడు మనింటికి గాక యాడికి పోతాడు చెప్పు?"

తప్పేముంది, ఫోన్ చెప్పిందే కదా అని శ్యాంసన్ గొణిగాడు. ఆమె వినలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

కాసేపటికి ఊళ్ళోని రైతు చెన్నయ్య ఇంటి నుంచి విసరడానికి కందుల సంచి వచ్చింది. మిషన్ పప్పు ఆ ఇంట్లో ఎవరికీ నచ్చదు. ఎలీషబా తిరగల్లోనే విసిరించుకుంటారు. పది శేర్లకు ఒక శేరు కూలి. కూలి గింజలు విడిగా పంపరు, అదే సంచిలో కలిపి పోస్తారు. విసిరే ముందు వీళ్ళే తీసుకోవాలి. ఆరోజు ఎలీషబా లేవకపోతే శ్యాంసనే కొలిచాడు. పదకొండు శేర్లు. ఒకటి చాటలో పోసి, పది తిరగలి పక్కన పెట్టాడు.

అప్పుడు చెయ్యి ఆగింది.

చెన్నయ్య పదికి ఒకటి కలిపాడు. అట్లని ఈ పదకొండులో పదో వంతు తీస్తే, శేరు మీద ఇంకాస్త వస్తుంది. ఆ ఇంకాస్త, కూలి గింజలకు కూడా కూలి తీసుకున్నట్టు. పొద్దున తను చేసిందీ అదే. పన్ను పడింది అసలు ధర మీద. తను తీసింది పన్ను కూడా కలిసిన మొత్తం మీద. పదివేలకు నూటికి పద్దెనిమిది చొప్పున వేళ్ళ మీద వేసుకున్నాడు. పద్దెనిమిది వందలు. రెండూ కలిపితే పెట్టె మీది అంకె వచ్చింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే.

"మామ సరిగ్గానే తెచ్చినాడా నాయనా?" అంది ప్రశాంతి.

తల ఊపి, లోపలికి వెళ్ళి భార్య దగ్గర నిలబడ్డాడు. తప్పు నాదే అన్నాడు. ఆయన నోట ఆమె ఎప్పుడూ వినని మాట అది. లేచి కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

"నాకెందుకు చెప్తావు? వాడికి చెప్పు."

శ్యాంసన్ చొక్కా తొడుక్కుని, మంచం మీది నాలుగు వందలు తీసుకుని బయలుదేరాడు.

మార్కాపురం దుకాణం ముందు సాగర్ వ్యాన్‌లోంచి ఫ్యాన్ల పెట్టెలు దించుతున్నాడు. బావను చూసీ పని ఆపలేదు. శ్యాంసన్ కూడా ఒక పెట్టె భుజానికెత్తుకున్నాడు. వ్యాన్ ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ మోశారు. తర్వాత శ్యాంసన్ ఆ నోట్లు సాగర్ జేబులో పెట్టాడు.

"లెక్క తప్పు చేసినాను సాగరూ. లెక్క సరిగ్గా ఉన్నా నేను ఆ మాట అనకూడదు."

సాగర్ చొక్కా కొసతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"అక్క అన్నం తినిందా?"

"లేదు."

సాగర్ లోపలికి వెళ్ళి యజమానితో ఏదో చెప్పి వచ్చాడు. బావ కంటే ముందు బస్టాండు వైపు నడిచాడు.