మొదటి తిట్టు ఏ ఎయిర్‌పోర్టులో?

పొద్దున్నే పాలు పొంగిపోయాయి. స్టవ్ మీద, గట్టు మీద, గట్టు దిగి నేల మీదకి కూడా. కోడలు ఫోన్‌లో విమానాల వేళలు చూస్తూ పాల సంగతే మర్చిపోయింది.

"అయ్యో, మొత్తం పొంగిపోయాయండీ అత్తయ్యగారూ!" అంటూ గుడ్డ కోసం పరిగెత్తింది.

"పాలే కదమ్మా. పోనీలే తల్లీ, చెయ్యి కాల్చుకోకు," అంది అత్తగారు. బఠాణీలు వలుస్తున్న ఆవిడ తల కూడా ఎత్తలేదు.

ఇదే పని మొన్న ఆదివారం ఆవిడ కన్నకొడుకు చేస్తే ఇల్లు ఎగిరిపోయింది. పాల గిన్నె దగ్గర మొదలైన తిట్లు, అతను చిన్నప్పుడు బళ్ళో పారేసుకున్న గొడుగు దాకా వెళ్ళాయి. ఆవిడ బళ్ళో ఆటల టీచరుగా పనిచేసి రిటైరైంది. మైదానం ఆ చివరనున్న పిల్లల్ని ఈ చివరనుంచి ఝాడించిన గొంతు అది. కన్నపిల్లలు ముగ్గురూ చాటుగా ఆవిణ్ణి 'విజిల్' అంటారు.

పెళ్ళయి ఆరేళ్ళయినా ఆ విజిల్ కోడలి వైపు మాత్రం ఒక్కసారీ మోగలేదు. కళ్ళజోళ్ళ షాపులో ఆమెతో పనిచేసేవాళ్ళు "ఏం పుణ్యం చేసుకున్నావే, నీ అత్త దేవత!" అంటారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. చుట్టం చేతిలోంచి కప్పు జారితే "పర్లేదు పర్లేదు" అంటాం. ఇంటిపిల్ల చేతిలోంచి జారితే వీపు విమానం మోత మోగుతుంది. ఆ లెక్కన ఆరేళ్ళుగా తాను ఈ ఇంట్లో చుట్టమే. ఆ బాధ ఆమె ఎవరితోనూ చెప్పుకోలేదు. నన్ను తిట్టడం లేదని ఏడ్చేదాన్ని చూస్తే ఎవరు మాత్రం నవ్వరు?

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది. అత్తగారు మొదటిసారి విమానం ఎక్కబోతోంది. ఆవిడ కూతుళ్ళిద్దరూ ఉండేది ఒకే మహానగరంలో, కానీ ఆ ఊరికి ఎయిర్‌పోర్టులు రెండు. పాతది ఊరి నడిబొడ్డున, పెద్దకూతురి బాల్కనీలోకి దాని దీపాలు కనిపించేంత దగ్గర. కొత్తది ఊరవతల, చిన్నకూతురు ఈత నేర్పే క్లబ్బుకి కూతవేటు దూరంలో. ఎక్కడ దిగితే అక్కడి కూతురింటికే తల్లి ముందు వెళ్తుంది. రెండోది మూతి ముడుచుకుంటుంది.

"నాకు లిఫ్టులు బాగుచెయ్యడం వచ్చు గానీ అక్కల్ని బాగుచెయ్యడం రాదు. టికెట్ సంగతి నువ్వే చూడు," అని మొగుడు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని చల్లగా జారుకున్నాడు. కోడలి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది.

మధ్యాహ్నం షాపులో కాస్త తీరిక దొరకగానే పెద్దొదినకి ఫోన్ చేసింది. ఆవిడ పళ్ళ డాక్టరు.

"పాత ఎయిర్‌పోర్టుకే తీసుకుందామా పెద్దొదినా? మీ ఇంటి పక్కనే కదా."

"వద్దు మరదలా, వద్దు! అదొక సంత. సామాను రావడానికే ఒక పూట పడుతుంది. కొత్తదైతే అద్దంలా ఉంటుంది. చెల్లి తీసుకెళ్తుంది. నేను మర్నాడు వచ్చి చూస్తాలే. ఆఁ, నోరు తెరవండి... నిన్ను కాదు, పేషెంటుని."

కోడలికి ముచ్చటేసింది. చెల్లెలి కోసం ఎంత త్యాగం! అదే చేత్తో చిన్నొదినకి చేసింది.

"కొత్తదా! పిచ్చా నీకు? లోపల నడవలేక అమ్మ మోకాళ్ళు అరిగిపోతాయి. పాతదానికి చెయ్యి. అక్క వెళ్తుంది. అక్క పెద్దది, పద్ధతి అంటూ ఒకటి ఉంటుందిగా!"

చిన్నొదిన నోట పద్ధతి అనే మాట రావడం అదే మొదటిసారి. ఇందులో ఏదో ఉందని కోడలికి అప్పుడు అనుమానం వచ్చింది.

సాయంత్రం అత్తగారు నడకకి వెళ్ళగానే మొగుణ్ణి నిలదీసింది. అతను పడీ పడీ నవ్వాడు.

"నీకు తెలీదు కదూ! మా అమ్మ ప్రయాణం చేసి బండి దిగిందంటే, మొదట ఎదురొచ్చినవాడి పని అయిపోయినట్టే. ఎందుకు ఆలస్యం, ఆ చొక్కా ఏంటి, ఎందుకలా చిక్కిపోయావు... ఊపిరి తీసుకోకుండా దులిపేస్తుంది. రెండోవాళ్ళ దగ్గరికొచ్చేసరికి వెన్నపూస. ముద్దులన్నీ వాళ్ళకే. మా నాన్న అయితే మా మేనమామని ముందుకి తోసి, తను స్తంభం వెనక దాక్కునేవాడు. గాలివాన వెలిశాక 'ఇప్పుడే వచ్చానోయ్' అంటూ బయటికొచ్చేవాడు."

"మరి ఆ మధ్య స్టేషన్‌కి నేనే వెళ్ళానుగా? నన్నేమీ అనలేదే! 'నీకెందుకమ్మా శ్రమ' అన్నారంతే."

"నిన్నెందుకంటుంది? ఆ వాటా కూడా భద్రంగా మోసుకొచ్చి గుమ్మంలో నాకు వడ్డించింది!"

అతను నవ్వుతూనే ఉన్నాడు. కోడలికి నవ్వు రాలేదు. అత్తగారి తిట్లకి కూడా తను నోచుకోలేదని మనసు చివుక్కుమంది.

ఈలోగా అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి ఫోన్‌లోకి వచ్చారు. మొగుడు ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచాడు.

"నువ్వే తీసుకో అక్కా! పెద్దదానివి."

"నాకొద్దమ్మా! పోయినసారి నా వంతు అయిపోయింది. ఈసారి నీ నెత్తిన పడాల్సిందే."

"నా వల్ల కాదు బాబూ, నేను తట్టుకోలేను!"

"ముందు నువ్వు తీసుకో, మర్నాడు నేను..."

వీధి తలుపు దగ్గర చెప్పుల చప్పుడు ఆగింది. అత్తగారు నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి వింటోందో తెలీదు, వినాల్సింది మాత్రం విన్నట్టే ఉంది మొహం.

"ఏమర్రా, నేనేమన్నా ఎవరింట్లోనూ పట్టని బీరువానా, నీకంటే నీకని తోసుకుంటున్నారు?"



"అమ్మా, అది కాదే, అసలు సంగతేంటంటే..." కొడుకు లేచాడు.

"టికెట్టూ వద్దు, ఏమీ వద్దు. నా ఇంట్లో నేనుంటాను."

అంతే. అరవలేదు, గొడుగు దాకా వెళ్ళలేదు. గదిలోకి వెళ్ళి నెమ్మదిగా తలుపు వేసుకుంది. ఆ నెమ్మదికే కొడుకు బెదిరిపోయాడు. "తిట్టలేదే! ఒక్క తిట్టు కూడా తిట్టలేదు," అంటూ తలుపు ముందు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. బతిమాలాడు, బుజ్జగించాడు. ఆ రాత్రికి తలుపు తెరుచుకోలేదు.

మర్నాడు పొద్దున కోడలు టీ కప్పు పట్టుకుని లోపలికి వెళ్ళింది. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అత్తయ్యగారూ, ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోకండి. వదినలు మీరు వస్తానంటే వద్దనలేదు. మీ తిట్లకి జడుస్తున్నారు, అంతే."

"నా తిట్లా? నేనెప్పుడు తిట్టానమ్మా?"

కోడలు తెల్లబోయింది. ఆవిడ నిజంగానే అడుగుతోంది. ప్రపంచమంతా చెవులు మూసుకుంటున్నా విజిల్‌కి తన మోత తనకి తెలీదు! చొక్కా సంగతీ, మేనమామ సంగతీ, స్తంభం సంగతీ మొత్తం చెప్పేసింది. స్తంభం దగ్గరికొచ్చేసరికి అత్తగారు ఫక్కున నవ్వింది. "ఆ దొంగసచ్చినాయన అందుకా ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేది!" అని నవ్వీ నవ్వీ, చివరికి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"వీడు చంకలో ఉన్నప్పుడమ్మా," అంది కొడుకు ఉన్న గది వైపు తల ఊపుతూ. "మీ మావయ్యకి వేరే ఊళ్ళో ఉద్యోగం. ముగ్గుర్నీ వేసుకుని బయల్దేరాను. మధ్యలో బస్సు మారుతూ వెనక్కి తిరిగి చూస్తే చిన్నది లేదు. బస్టాండంతా పిచ్చిదానిలా పరిగెత్తాను. ఓ మూల బూరల వాడి పక్కన నవ్వుతూ నిలబడి ఉంది. కనపడగానే ఎత్తుకోవాలా వద్దా? రెండు చెంపలూ వాయించాను. అది ఏడుపు, నేను ఏడుపు. అప్పట్నుంచీ ఏ బండెక్కినా కడుపులో ముడి పడిపోతుంది. దిగాక నావాళ్ళ మొహం కనపడితేగానీ విడదు. విడేటప్పుడు ఏం వాగుతానో నాకే తెలీదు. అది తిట్టనుకున్నారా వాళ్ళు!"

కోడలు అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

"మరి స్టేషన్‌లో నా మొహం కూడా కనపడింది కదండీ. నన్నెప్పుడూ ఏమీ అనరేం?"

"నిన్నెలా అంటానమ్మా? పరాయింటి పిల్లవి, నొచ్చుకుంటే..."

మాట సగంలో ఆగిపోయింది. ఆవిడ నాలుక కరుచుకుంది. కోడలు "నిజమేలెండి" అని నవ్వి, ఖాళీ కప్పు తీసుకుని గబగబా వంటింట్లోకి వచ్చేసింది. కుళాయి తిప్పి, కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతూ నిలబడింది. అనుమానంగా ఉన్నన్నాళ్ళూ అది అబద్ధమై ఉండొచ్చన్న ఆశ ఉండేది. ఇప్పుడు ఆ ఆశా పోయింది.

అయినా అలిగి కూర్చునే రకం కాదు ఆమె. ఆ ముడి సంగతి ఇద్దరు వదినలకీ ఫోన్ చేసి చెప్పింది. బూరల వాడి పేరెత్తగానే చిన్నొదిన ఈతకొలను గట్టు మీద కూర్చుండిపోయింది. "చెంపదెబ్బలే గుర్తున్నాయి నాకు. అమ్మ ఏడ్చిందా?" అంది. పెద్దొదిన పేషెంటుని కుర్చీలోనే వదిలేసి బయటికొచ్చి ముక్కు చీదుకుంది.

అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. గంట తిరక్కుండా మళ్ళీ ఫోన్లు.

"పాత ఎయిర్‌పోర్టుకే చెయ్యి మరదలా! నేనే ఎదురెళ్తా. ఎన్ని తిట్టినా పడతా."

"కొత్తదానికే! తప్పిపోయింది నేను, అక్క కాదు. మొదటి తిట్టు నాది!"

కోడలు తల పట్టుకుంది. నిన్నటిదాకా వద్దంటే వద్దని గొడవ, ఇవాళ నాకంటే నాకని గొడవ. చివరికి తనే తేల్చేసింది. "పాతదానికే చేస్తున్నా. కొత్తదానికి బయటికొచ్చే దారులు బోలెడు, మీరు చెరో చోటా నిలబడి మళ్ళీ దెబ్బలాడుకుంటారు. పాతదానికి ఉన్నది ఒక్కటే తలుపు. ఇద్దరూ ఆ తలుపు దగ్గర పక్కపక్కన నిలబడండి. చిన్నొదినా, మీరు ఊరు దాటి రావాల్సిందే."

వదినలు కిక్కురుమనకుండా సరేనన్నారు. కూతుళ్ళు పోటీ పడి పిలుస్తున్నారని విన్నాక అత్తగారు కూడా అలక మానేసింది. ఆమె రెండు టికెట్లు తీసుకుంది. షాపులో సెలవు అడిగింది. అంత భయం పెట్టుకున్న మనిషిని ఒంటరిగా గాల్లోకి ఎలా పంపుతుంది?

"నీకెందుకమ్మా శ్రమ," అంది అత్తగారు.

"శ్రమేం లేదండీ," అంది కోడలు. ఆ మాట ఇంక అలవాటైపోయింది.

విమానం పైకి లేచేటప్పుడు అత్తగారు బాగానే ఉంది. కిందికి దిగేటప్పుడే కోడలి చెయ్యి పట్టుకుంది. పట్టుకోవడమంటే మామూలుగా కాదు, గోళ్ళు దిగబడిపోయాయి. కోడలు పెదవి కొరుక్కుందే గానీ చెయ్యి లాక్కోలేదు. చలేస్తోందని ఆవిడంటే తన శాలువా కూడా తీసి కప్పింది. చక్రాలు నేలని తాకాయి. జనం లేచారు, సామాను తీసుకున్నారు, నడిచారు. ఆ చెయ్యి మాత్రం వదల్లేదు.

తలుపు అవతల అక్కాచెల్లెళ్ళిద్దరూ హెడ్మాస్టరు గది ముందు నిలబడ్డ పిల్లల్లా బుద్ధిగా నిలబడి ఉన్నారు.

"అమ్మా, నేనే ముందొచ్చాను!" అంది చిన్నది.

"అబద్ధం. ఇది ఇప్పుడే టాక్సీ దిగింది. నన్ను తిట్టు!" అంది పెద్దది.

అత్తగారు ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. నోరు తెరిచింది, మళ్ళీ మూసింది. తన చేతిలో ఇంకా ఉన్న చేతి వంక చూసింది. దాని మీద వరసగా గోళ్ళ గుర్తులు, ఒకచోట నెత్తురు కూడా చిమ్మింది.

"ఒసేయ్!"

చుట్టుపక్కల జనం తలలు తిప్పారు. కూతుళ్ళిద్దరూ ఒక్కసారే "ఆఁ, అమ్మా!" అన్నారు.

"మిమ్మల్ని కాదు!" అంటూ ఆవిడ కోడలి వైపు తిరిగింది. "బుద్ధుందిటే నీకు? చెయ్యి ఇలా చీరుకుపోతుంటే నోరు లేదూ? నొప్పని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది? శాలువా నాకు కప్పేసి తను వణుక్కుంటూ కూర్చుంటుందిట, మహా త్యాగమూర్తి! నేను చూళ్ళేదనుకున్నావా? అన్నీ చూస్తూనే ఉన్నా, ఆరేళ్ళుగా చూస్తున్నా! ఆ వేళ ఒళ్ళు పెనంలా కాలిపోతుంటే షాపుకెళ్ళావు. వర్షంలో తడిసొచ్చి తలైనా తుడుచుకోకుండా పడుకున్నావు. గిన్నె అడుగున మిగిలిందే నీ తిండి. అడిగేవాళ్ళెవరూ లేరనుకున్నావుటే?"

కోడలు నిలబడిపోయింది. ఆరేళ్ళుగా ఆవిడ ఏమీ అనలేదే గానీ, ఒక్కటీ మర్చిపోలేదు. ప్రతి జ్వరమూ, ప్రతి తడిసిన జుట్టూ నోటిదాకా తెచ్చుకుని, పరాయిపిల్ల నొచ్చుకుంటుందేమోనని మింగేసింది. ఇవాళ అన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. కోడలి కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోయాయి.

పెద్దాడపడుచుకి జాలేసింది. "పాపం, ఇంక వదిలెయ్యవే! ముందు కాసిని మంచినీళ్ళు తాగు," అంటూ తల్లికి సీసా అందించబోయింది.

కోడలు చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండండి వదినా, అత్తయ్యని చెప్పనివ్వండి. ఇంకా అవలేదు."

"అవలేదే, అవలేదు! ఏడుస్తూ నవ్వుతావేంటే పిచ్చిమొహమా," అంటూ అత్తగారు తన కొంగుతోనే ఆమె కళ్ళు తుడుస్తూ, మళ్ళీ మొదట్నుంచి అందుకుంది.